బూతులు ఈ తరంతోనే మొదలయ్యాయా? మా ఇంట్లో మూడు తరాల నోళ్లు వింటున్నదాన్ని, నా జవాబు ఇది

మీరు అడిగింది ఇదీ కదా: ఇంటర్ చదివే మీ అబ్బాయి ఫోన్లో గేమ్ ఆడుతూ నోటికొచ్చిన బూతులు మాట్లాడుతున్నాడు, మీ అత్తగారేమో "మా రోజుల్లో ఇట్టాంటి మాటలు ఎరుగుదుమా" అని బాధపడుతున్నారు, నిజంగా పిల్లలు అంత చెడిపోయారా అని. నేను పుట్టి పెరిగింది గుంటూరు కొత్తపేట, పెళ్లయ్యాక విజయవాడ పటమట. పెద్దావిడ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఎరుగుదురు. బాగా ఎరుగుదురు.

మా చిన్నప్పుడు వీధి కుళాయికి నీళ్లొచ్చే వేళ జరిగే తగువులు వింటే ఇప్పటి పిల్లల బూతులు ఎల్‌కేజీ లెవెల్. తన బిందె జరిపి ముందు పెట్టుకుందన్న పాపానికి అవతలావిడ పుట్టుక దగ్గర్నుంచి ఆమె మొగుడి తిరుగుళ్ల దాకా అన్నీ కడిగేసేవాళ్లు, కడిగేది కూడా ఆడవాళ్లే, మా నానమ్మ వయసు వాళ్లే. బిందె చంకనెత్తుకుని ఇంటికొచ్చాక మా నానమ్మే మమ్మల్ని చూసి "అట్టాంటి మాటలు వినగూడదు, లోపలికి పోండి" అనేది. మా నాన్న మిర్చి యార్డులో గుమస్తా. సీజన్లో అక్కడ టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే ముఠా కూలీలు, లారీ డ్రైవర్లు, కమీషన్ వ్యాపారులు అందరూ ఘాటుకి తుమ్ముతూ దగ్గుతూ అరుచుకునేవాళ్లు, "నీ యబ్బ", "నీ యమ్మ" అంటే దాన్ని తిట్టుగా కూడా ఎవరూ లెక్కపెట్టేవాళ్లు కాదు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు నాన్న నోట ఆ మాటలు విన్నాను, ఇంట్లో మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎంత కోపమొచ్చినా ఇంట్లో "రాస్కెల్", "ఇడియట్" దాటేవాడు కాదు (ఆ తరం తండ్రులకీ లెక్కల మాస్టార్లకీ కోపమొస్తే ఇంగ్లీషే ఎందుకొచ్చేదో!).

అంటే బూతులకి ఒక చోటు ఉండేది. కుళాయి, యార్డు, ఆటోనగర్ షెడ్డు, బ్రాందీ షాపు. ఇంటికొస్తే ఇంటి నోరు. ఇప్పుడు మీ అబ్బాయి మంచం మీద కూర్చునే ఎక్కడెక్కడి కుర్రాళ్లతోనో ఆడుతున్నాడు, వాడి దృష్టిలో అది ఇల్లు కాదు. మనకి వినిపించేది కొత్త బూతు కాదండీ, వీధిలో ఉండాల్సింది హాల్లోకి వచ్చింది, అంతే.

పెద్దవాళ్లకి అనకూడని మాటలు లేవా అంటే బోలెడు, కాకపోతే అవి వేరు. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆవిడ ముందు బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. రాత్రిపూట పాము అనకూడదు, పురుగు అనాలి. దీపాలు పెట్టే వేళ "చదవలేక చస్తున్నా" అని మా అమ్మాయి అంటే, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని కంగారుపడిపోతుంది. అదే మనిషి, మనవడు పాలగ్లాసు ఒలకబోస్తే "సచ్చినోడా, నీ దుంపతెగ, నీ చేతులు పడిపోను" అని గుక్కతిప్పుకోకుండా అంటుంది. "అమ్మమ్మా, నేను చస్తా అంటే తప్పు, నువ్వు సచ్చినోడా అంటే ముద్దా?" అని మా అమ్మాయి అడిగితే ఆవిడ ఏమందో తెలుసా, "నేనన్నది తగలదులేవే, కడుపులోంచి అన్నది కాదుగా" అంది. ఈ జవాబు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

మా అమ్మాయి లెక్క ఇంకోటి. ఇంగ్లీషులో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే మాట అమ్మమ్మ పక్కన కూర్చునే అనేస్తుంది, అమ్మకి అది అర్థం కాదు కాబట్టి ఇబ్బంది లేదు. దాన్నే తెలుగులో అనవే అని నేనంటే మొహం ఎర్రగా చేసుకుని "ఛీ అమ్మా" అంది. కానీ అమ్మ ఓ రోజు అన్నాల దగ్గర ఒక కులం పేరుతో ఉన్న సామెత వాడితే మాత్రం ఊరుకోలేదు. "సామెతేగా, నేనెవర్ని తిట్టా" అని అమ్మ, "ఆ కులంవాళ్లు మన పక్కన కూర్చుని ఉంటే అంటావా" అని ఇది. మా పాత వీధిలో "కుంటోడి కొట్టు", "గుడ్డాయన ఇల్లు", "ఆ నల్లమ్మాయి" అనేవి అడ్రస్ చెప్పినంత మామూలుగా వాడేవాళ్లం. వాళ్లకీ పేర్లుంటాయిగా అంటుంది మా అమ్మాయి.

ఇందులో నేను పూర్తిగా పిల్లల పక్షమే. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు, అప్పట్లో అది గుంటూరు జిల్లానే. ఆ రోజుల్లో కూడా మా వీధిలో కులం పేరు పెట్టి తిట్టడాన్ని బూతుగా లెక్కవేసినవాళ్లు లేరు. "లం" అక్షరంతో తిడితే నోరు కడుక్కోమనేవాళ్లు, కులంతో తిడితే ఏమీ అనేవాళ్లు కాదు. చట్టంలో చూస్తే ఈ లెక్క సరిగ్గా తిరగబడి కనిపిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దానికి చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నాయి. నలుగురికీ కనిపించే చోట ఎస్సీ, ఎస్టీలని ఇతర కులాలవాళ్లు కులం పేరుతో దూషిస్తే కనీసం ఆరు నెలలు, అయిదేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. అదే పబ్లిక్‌లో ఇతరులకి ఇబ్బంది కలిగేలా అశ్లీలపు మాటలు మాట్లాడితే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 296 ప్రకారం ఎక్కువలో ఎక్కువ మూడు నెలలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా ఒక వెబ్ సిరీస్ కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు, బూతు మాటలు వాడినంత మాత్రాన అది అశ్లీలం అయిపోదు అని చెప్పింది.

అలాగని పిల్లలు ఏదో వివేకవంతులని చెప్పను. మావాడూ వాడి స్నేహితులూ వాడేవన్నీ చూడండి, ఒక్కటి తప్పకుండా ఎవడో ఒకడి అమ్మ మీదో అక్క మీదో. ఇప్పుడు హిందీవి కూడా పొట్టి అక్షరాల్లో వచ్చిపడ్డాయి. ఒకసారి వాడు గేమ్‌లో "బీసీ, బీసీ" (అక్కచెల్లెళ్ల మీద హిందీ తిట్టుకి పొట్టి రూపం) అని అరుస్తుంటే మా మామగారు పేపర్ దించి, రిజర్వేషన్ల మీద కుర్రాళ్లకి ఇంత ఆసక్తి ఉందా అని ముచ్చటపడ్డారు. నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి అడిగా, "నువ్వు ఓడిపోతే అవతలివాడి తల్లి ఏం చేసిందిరా?" అని. "మీనింగ్‌తో అనం అమ్మా, ఊరికే వస్తుంది" అన్నాడు. చూశారా, వాళ్ల అమ్మమ్మ చెప్పిందీ అదే! ఎవరి తిట్టు వాళ్లకి ఉత్త మాట, ఎదుటివాళ్లది మాత్రం బూతు.

ఇంకోటి, మీరు అబ్బాయి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. వాడు అంటే "మగపిల్లాడు, స్నేహాల్లో వస్తాయి" అనే ఇంట్లోనే ఆడపిల్ల "షిట్" అన్నా "రేపు అత్తారింట్లో ఇట్టానే మాట్లాడతావా" అంటారు. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఈ రెండు లెక్కలూ ముందు సరిచేయండి, లేకపోతే మీరు వాడికి చెప్పే నీతులు ఆ పిల్ల నమ్మదు.

మేం చేసింది చెప్తా. అన్ని మాటలూ బంద్ అని రూల్ పెడితే నడవదు, రెండో రోజుకే అందరూ దొంగలైపోతారు. ఇంట్లో తల్లులనీ అక్కచెల్లెళ్లనీ లాగే తిట్లు వద్దు, కులం వద్దు, ఒంటి మీద, రంగు మీద మాటలు వద్దు, ఇది అమ్మమ్మకి కూడా వర్తిస్తుంది అన్నాం. "నీ దుంపతెగ"కి పిల్లలే పర్మిషన్ ఇచ్చారు, అది లేకపోతే అమ్మమ్మకి మాటే రాదని. సామెతలు ఆవిడ నోట ఇంకా దొర్లుతూనే ఉన్నాయి, మా అమ్మాయి ఆపుతూనే ఉంది, కొన్నిసార్లు అమ్మ అలిగి అన్నం మానేస్తానంటుంది. మావాడు గేమ్‌లో కొంత తగ్గించాడు, పూర్తిగా కాదు.

మీవాడి విషయంలో నాకు గేమ్ కన్నా క్లాస్ వాట్సాప్ గ్రూపు గురించే ఎక్కువ టెన్షన్. అక్కడ సరదాగా అన్నాడో కోపంగా అన్నాడో ఎవరికీ వినిపించదు, స్క్రీన్‌షాట్ మాత్రం మిగిలిపోతుంది. కులం మీద జోకులు గట్రా ఫార్వర్డ్ చేస్తున్నాడేమో ఒకసారి కూర్చుని మాట్లాడండి, హెడ్‌ఫోన్ పెట్టుకుని అరిచే అరుపుల సంగతి తర్వాత చూడొచ్చు.