స్కోరు 120 దాటినా ఓడిపోయే జట్టు డిఫెన్స్‌ను ఎక్కడి నుంచి బాగుచేయాలి?

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొన్ని జట్లు 120 పాయింట్లు కొట్టి కూడా ఎందుకు ఓడిపోతుంటాయి, వాటి డిఫెన్స్‌ను సీజన్ మధ్యలో బాగుచేయడం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నా కళ్లముందే జరిగింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నేను డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. 2023-24లో డాలస్ మావెరిక్స్ ఆటలు దాదాపు అన్నీ టీవీలో చూశాను, నాలుగైదు స్టేడియంకి వెళ్లి చూశాను.

2024 మార్చి 5 రాత్రి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో ఇండియానా పేసర్స్‌తో ఆట. నేనూ మా అబ్బాయీ పైవరస సీట్లలో కూర్చున్నాం. మా ప్రధాన ఆటగాడు లూకా డాంచిచ్ 39 పాయింట్లు, 10 రీబౌండ్లు, 11 అసిస్టులు చేశాడు. అయినా 137-120తో ఓడిపోయాం. కింది సీట్లలో కూర్చుంటే బంతి బాగా కనబడుతుంది. పైన కూర్చుంటే ఐదుగురూ ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారో కనబడుతుంది. ఆ రాత్రి నేను బంతిని వదిలేసి మనవాళ్ల కాళ్లనే చూస్తూ కూర్చున్నాను. స్క్రీన్ (ఎదుటివాడు దారికి అడ్డంగా నిలబడటం) పడగానే ముందు కాసే గార్డు ఒక్క అడుగు వెనకబడతాడు. ఆ అడుగు పూడ్చడానికి బాస్కెట్ దగ్గర కాసే పొడుగు మనిషి, అంటే సెంటర్, ముందుకొస్తాడు. సెంటర్ ఖాళీ చేసిన చోటు కాయడానికి కార్నర్‌లో (కోర్టు మూలలో) కాస్తున్న మనవాడు లోపలికి పరుగెత్తుతాడు. బంతి కార్నర్‌లో ఉన్న ఎదుటివాడికి పోతుంది, అక్కడ ఆపడానికి ఎవరూ ఉండరు. త్రీ పాయింటర్.

నాలుగోసారో ఐదోసారో ఇదే జరిగినప్పుడు మావాడు అడిగాడు: "నాన్నా, ఆ కార్నర్‌లో ఉన్నవాణ్ని చూసుకోవాల్సింది ఎవరు?" డిఫెన్స్ గురించి ఎన్ని విశ్లేషణలు చదివినా చివరికి తేల్చుకోవాల్సింది ఆ ఒక్క ప్రశ్నే. ఎవరి పని వాళ్లు చేస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరూ పక్కవాడి అడుగు పూడ్చడానికి తమ చోటు వదిలేస్తున్నారు, అంతే. ఎన్‌బీఏ కోర్టులో త్రీ పాయింట్ గీత ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలుంటే, కార్నర్‌లో 22 అడుగులే. అంటే కొట్టేవాడికి అన్నిటికంటే దగ్గరి త్రీ అదే. పెయింట్‌లోకి (బాస్కెట్ ముందున్న రంగు వేసిన చోటికి) దిగిపోయిన డిఫెండరేమో దాన్ని ఆపడానికి మళ్లీ మూలదాకా పరుగెత్తాలి.

నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు కాలేజీ జట్టుకి ఆడేవాణ్ని. సిమెంట్ కోర్టు, ఎండకి బూటు అడుగు వేడెక్కేది. మేమూ వరుసగా ఓడిపోతుంటే మా కెప్టెన్ ఒక్కటే కేకలేసేవాడు: బంతి తెచ్చేవాడి మీద ఇంకా గట్టిగా పడండి అని. పడేవాళ్లం. వాడు దాటిపోయేవాడు, వెనక అడ్డం లేదు కాబట్టి దాటితే రెండు పాయింట్లే. ఒకరోజు మా పీడీ సార్ బెంచ్ మీదున్న మెకానికల్ కుర్రాణ్ని లేపాడు. మనిషి బాగా పొడుగు, పరుగు మాత్రం తక్కువ. వాణ్ని బాస్కెట్ ముందు నిలబెట్టి, "నువ్వు ఇక్కణ్నుంచి ముందుకెళ్లొద్దు, నోరు మాత్రం ఆపొద్దు" అన్నాడు. ఇక వాడు ఆట అంతా అరుస్తూనే ఉండేవాడు. "ఎడమ స్క్రీన్!" "వదిలెయ్, నేనున్నా!" ఆ "నేనున్నా" వినబడిన రోజు నుంచి ముందున్న మేము మారిపోయాం. దాటిపోతాడేమోనన్న భయం లేదు కాబట్టి మీది మీదికి వెళ్లగలిగాం. స్క్రీన్ పడినా వెనకనుంచి తరుముతూ వచ్చేవాళ్లం. కార్నర్‌లో ఉన్నవాడు తన మనిషిని వదిలి లోపలికి రావాల్సిన పనే లేకపోయింది.

కబడ్డీ చూసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కార్నర్ వాడు కాలు పట్టకముందే కవర్ వాడు తొందరపడి దూకితే రైడర్ ముగ్గుర్ని తాకి గీత దాటేస్తాడు. ఆగాల్సినవాడు ఆగాలి, ఆగడానికి వెనక ఆసరా ఉందని వాడికి తెలిసి ఉండాలి.

డాలస్ కథలోకి వస్తాను. ఏడాది ముందు, 2023 ఫిబ్రవరిలో, స్టార్ గార్డు కైరీ ఇర్వింగ్ కోసం డోరియన్ ఫిన్నీ-స్మిత్‌ను వదులుకున్నారు. కోర్టు పక్కల కాసే వింగ్ డిఫెండర్లలో అప్పటికి జట్టు బాగా నమ్ముకున్నవాళ్లలో ఆయన ఒకడు. ఆ సీజన్ 38-44తో (38 గెలుపులు, 44 ఓటములు) ముగిసింది, ప్లేఆఫ్స్ లేవు. తర్వాత డ్రాఫ్ట్‌లో (లీగ్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 7 అడుగుల 1 అంగుళం పొడవున్న డెరెక్ లైవ్లీ వచ్చాడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. అతను కోర్టులో ఉన్నంతసేపూ పెయింట్‌కి కాపలా ఉండేది. ఫౌల్స్ పడినా, దెబ్బ తగిలినా, ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నా ఆ కాపలా పోయేది. ఆట 48 నిమిషాలు, ఆసరా అందులో సగం సేపే.

2024 ఫిబ్రవరి 8న రెండు ట్రేడ్లు (ఆటగాళ్ల మార్పిడులు) చేశారు. వాషింగ్టన్ విజర్డ్స్ నుంచి సెంటర్ డానియల్ గాఫర్డ్, షార్లెట్ హార్నెట్స్ నుంచి పీజే వాషింగ్టన్ వచ్చారు. వెంటనే కొన్ని ఆటలు గెలిచారు గానీ ఫిబ్రవరి చివర్లో మళ్లీ జారిపోయారు. నేను చూసిన ఆ మార్చి 5 ఓటమి ఆ జారుడుకి అట్టడుగు. అప్పటికి రికార్డు 34-28. మనుషుల్ని తెచ్చినంత మాత్రాన సరిపోదనడానికి ఇదే గుర్తు. ఆ తర్వాత కోచ్ జేసన్ కిడ్ గాఫర్డ్‌ను మొదటి ఐదుగురిలో పెట్టి, లైవ్లీని బెంచ్ నుంచి దించడం మొదలుపెట్టాడు. ఒకడు కూర్చుంటే ఇంకొకడు లేస్తాడు, పెయింట్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ముందువరసలో ఎదుటి జట్టు ప్రధాన స్కోరర్‌ను ఆపే బాధ్యత డెరిక్ జోన్స్ జూనియర్‌కి, ఫార్వర్డ్ బరువంతా పీజే వాషింగ్టన్‌కి. డిఫెన్స్ చూసుకున్న అసిస్టెంట్ కోచ్ షాన్ స్వీనీ. తర్వాతి 18 ఆటల్లో 16 గెలిచారు! చివరికి 50-32, అక్కణ్నుంచి క్లిప్పర్స్, థండర్, టింబర్‌వుల్వ్స్‌లను దాటుకుని ఫైనల్స్.

ఈ మార్పు పైసీట్లలోంచి చూస్తే చాలా మామూలుగా ఉండేది. స్క్రీన్ పడుతుంది. సెంటర్ ముందుకు రాడు, బాస్కెట్ దగ్గరే చేతులు చాచి వెనక్కి తగ్గుతూ ఉంటాడు. దీన్నే డ్రాప్ అంటారు. గార్డు వెనకనుంచి తరుముతాడు. కార్నర్ డిఫెండర్ ఒక కాలు మాత్రం లోపలికి వేసి తన మనిషి దగ్గరే ఉంటాడు. బంతి పట్టుకున్నవాడికి మిగిలేది మధ్యలో నిలబడి కొట్టే రెండు పాయింట్ల షాట్. దాన్ని కావాలనే వదిలేస్తారు. ఆ షాట్ నూటికి నలభై పడినా వంద షాట్లకి 80 పాయింట్లు. కార్నర్ త్రీ అదే నూటికి నలభై పడితే 120. మావాడి ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది: కార్నర్‌లో ఉన్నవాణ్ని చూసుకోవాల్సింది కార్నర్ డిఫెండరే, అయితే వాడు అక్కడే ఉండగలిగేలా చేయాల్సింది సెంటర్.

మన దగ్గర ఆడినవాళ్లు ఒక తేడా గమనించాలి. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) నిబంధనల్లో సెంటర్ పెయింట్‌లో ఎంతసేపైనా నిలబడొచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరగా కాయకుండా మూడు సెకన్లు దాటి అక్కడ ఉంటే టెక్నికల్ ఫౌల్, ఎదుటివాళ్లకి ఒక ఫ్రీ త్రో. మా మెకానికల్ కుర్రాడు చేసినట్టు పాతుకుపోవడం అక్కడ కుదరదు. అడుగు బయట పెట్టి మళ్లీ లోపలికి వస్తూ ఉండాలి, అందుకే అంత పొడుగు మనిషికి అంత చురుకైన కాళ్లు కావాలి.

లూకా సంగతి అడుగుతారని తెలుసు. డిఫెన్స్ కూలినప్పుడల్లా అందరూ అతన్నే తిట్టారు. అతని పాదాలు నెమ్మది, నిజమే. షాట్ తప్పాక రిఫరీతో వాదిస్తూ వెనకబడిపోయిన సందర్భాలూ నేను చూశాను, అప్పుడు మనవాళ్లు నలుగురే ఐదుగురిని ఆపాలి. అది ట్రేడ్‌తో పోయేది కాదు, అలవాటు మారాలి. కానీ ఆ 16 విజయాల్లో కూడా ఆడింది అదే లూకా! ఆ సీజన్‌లో ఆటకి 33.9 పాయింట్లతో లీగ్‌లోనే మొదటివాడు, 9.2 రీబౌండ్లు తీశాడు. రీబౌండ్ తీస్తేనే డిఫెన్స్ పూర్తయినట్టు. మారింది అతను కాదు, అతని వెనక నిలబడ్డవాళ్లు.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడో ఫైనల్స్‌లో తెలిసింది. బోస్టన్ సెల్టిక్స్‌కి పోర్జింగిస్, హోర్‌ఫోర్డ్ లాంటి త్రీ కొట్టే సెంటర్లుండేవారు. వాళ్లు గీత బయట నిలబడితే మన సెంటర్ కూడా బయటికి రావాల్సిందే, ఇక లోపల "నేనున్నా" అనేవాడు ఉండడు. మొదటి ఆటే 107-89తో పోయింది, సిరీస్ 4-1తో పోయింది. అలాంటి జట్టుకి స్క్రీన్ పడగానే ఒకరి మనిషిని ఒకరు మార్చుకుని కాసే (స్విచ్ చేసే) మరో పద్ధతి చేతిలో ఉండాలి, దానికి గార్డుల దగ్గర్నుంచి సెంటర్ దాకా ఎవరినైనా కాయగలిగిన ఐదుగురు కావాలి.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2025 ఫిబ్రవరిలో జనరల్ మేనేజర్ నికో హారిసన్, డిఫెన్సే చాంపియన్‌షిప్‌లు తెస్తుందంటూ లూకాను లేకర్స్‌కి ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చాడు. డేవిస్ తొలి ఆటలోనే గాయపడ్డాడు, మార్చిలో కైరీ మోకాలు పోయింది, సీజన్ 39-43తో ముగిసింది. గాయాలకి ఎవరినీ అనలేం. కానీ డిఫెన్స్ అంటే బలహీనమైన డిఫెండర్‌ను తీసేయడం అనుకోవడమే పొరపాటని నా నమ్మకం. ఏడాది ముందు వాళ్లే బలహీనతను తీసేయకుండా దాని వెనక ఆసరా పెట్టి ఫైనల్స్‌కి వెళ్లారు.

మీ జట్టేదో మీరు రాయలేదు. వచ్చే ఆటలో పది నిమిషాలు బంతిని వదిలేసి కార్నర్ డిఫెండర్‌నే చూడండి. వాడు రెండు కాళ్లూ పెయింట్‌లో పెట్టాల్సి వస్తోందంటే తప్పు వాడిది కాదు, వెనక మనిషి లేడు. తర్వాత మొదటి సెంటర్ బెంచ్ మీద కూర్చున్న నిమిషాల్లో స్కోరు ఎటు పోతోందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకెలు ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, మనం కలిసి చూద్దాం.