ఎంబీబీఎస్ లేకుండా అమెరికా మెడికల్ స్కూల్లో న్యూరోసైన్స్ పీహెచ్‌డీ చేయవచ్చా?

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మీకు, ఎంబీబీఎస్ లేనందువల్ల మెడికల్ స్కూల్లో న్యూరోసైన్స్ (మెదడు, నాడీవ్యవస్థల శాస్త్రం) పీహెచ్‌డీ సీటు రాదేమోనన్న సందేహం ఉంది. వస్తే మాత్రం సాధారణ సైన్సు విభాగంలో చేరడం కన్నా అది ఏ విధంగా మేలని అడిగారు. మొదటి సందేహం అక్కర్లేదు. నేను ఎమ్మెస్సీ జువాలజీతోనే మిడ్‌వెస్ట్‌లోని ఒక మెడికల్ స్కూల్లో చేరాను. నా బ్యాచ్‌లో సైకాలజీ, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ చదివినవారు ఉన్నారు గాని వైద్యులెవరూ లేరు. ఎండీ (అమెరికాలో వైద్యుల పట్టా), పీహెచ్‌డీ రెండూ కలిపి చేసేవారి దారి వేరు. ఈ డిగ్రీతో మందుల చీటీ రాసే అధికారం రాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మా బంధువులు ఇప్పటికీ మోకాళ్ల నొప్పులకు నన్నే సలహా అడుగుతుంటారు. ఖర్చు విషయానికొస్తే, సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్, ఆరోగ్య బీమా ఇస్తారు. పూర్తి కావడానికి అయిదారేళ్లు పడుతుంది.

మెడికల్ స్కూలంటే జబ్బుల మీదే పరిశోధన చేయాలన్నది చాలామందికున్న అపోహ. 1966లో నాడీశాస్త్రవేత్త స్టీఫెన్ కఫ్లర్ హార్వర్డ్ మెడికల్ స్కూల్లో న్యూరోబయాలజీ విభాగాన్ని ఏర్పాటు చేసినప్పుడు, నాడీకణాలను వేర్వేరు పద్ధతుల్లో పరిశీలించేవారందరినీ ఒకచోట చేర్చడమే ఆయన ఉద్దేశం. అదే మెడికల్ స్కూల్లో హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల కన్ను ఒకదాన్ని కొంతకాలం మూసి ఉంచితే మెదడులో ఏ మార్పు వస్తుందో చూశారు. చూపు గురించి వారు చేసిన పరిశోధనకు 1981లో నోబెల్ వచ్చింది; చిన్న వయసులో కంటికి చూపు అందకపోతే మెదడు ఆ కంటిని సరిగా వాడుకోలేదని తేలడంతో, పుట్టుకతో శుక్లాలున్న పసిపిల్లలకు శస్త్రచికిత్స ఆలస్యం చేయకూడదన్న అవగాహనకు ఆ ప్రయోగాలే బలమిచ్చాయి.

నా అనుభవంలో మెడికల్ స్కూలు ఇచ్చే అసలైన లాభం ఆసుపత్రి పక్కనే ఉండటం. మొదటి ఏడాది న్యూరోఅనాటమీ (మెదడు నిర్మాణం) తరగతిలో మానవ మెదడును చేతిలోకి తీసుకుని, పొరలు విప్పి, బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) ముక్కల్లో నాడీమార్గాలను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మందులకు లొంగని మూర్ఛవ్యాధి ఉన్నవారిలో కొందరికి, మూర్ఛ ఎక్కడ మొదలవుతున్నదో కనిపెట్టడం కోసం వైద్యులు మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచుతారు. ఆ రోజుల్లో రోగి సమ్మతితో, నైతిక సంఘం ముందుగా ఆమోదించిన చిన్న చిన్న జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి, మనిషి మెదడు పనిచేస్తున్నప్పుడే దాని విద్యుత్ సంకేతాలను నమోదు చేయవచ్చు. ఎలుకల మెదడు ముక్కల మీద ప్యాచ్ క్లాంప్ (ఒక్కో కణం విద్యుత్తును కొలిచే పద్ధతి) చేస్తూ ఉన్న నేను మా సహాధ్యాయితో కలిసి అలాంటి ఒక రోగి గదికి వెళ్లిన తరువాతే, నా ప్రయోగాలకు మనిషితో సంబంధమేమిటన్న ప్రశ్నను గట్టిగా వేసుకోవడం మొదలుపెట్టాను.

అయితే ఇక్కడ డబ్బు వ్యవహారం వేరుగా ఉంటుంది. బీఎస్సీ స్థాయి విద్యార్థులకు పాఠాలు చెప్పే బాధ్యత తక్కువ కావడం వల్ల, చాలా మెడికల్ స్కూళ్లలో ప్రొఫెసర్లు తమ జీతంలో గణనీయమైన భాగాన్ని సొంత గ్రాంట్ల (పరిశోధన నిధుల) నుంచే తెచ్చుకోవాలి. గ్రాంటు అయిపోతే ల్యాబ్ చిక్కిపోతుంది, ఆ ప్రభావం నేరుగా విద్యార్థి మీద పడుతుంది. పైగా ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చే టీ32 శిక్షణ గ్రాంట్లు, ఎఫ్31 ఫెలోషిప్పులు అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మాత్రమే వర్తిస్తాయి కాబట్టి, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చే మనవాళ్లు గైడు గ్రాంటు మీద ఇంకా ఎక్కువగా ఆధారపడతారు. ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రొఫెసర్ పేరు కొడితే ఆయనకున్న ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు, అవి ముగిసే తేదీలు ఎవరికైనా కనిపిస్తాయి. దీన్ని చూడకుండా ల్యాబ్ ఎంచుకోవద్దు.

స్కూలు పేరు కన్నా గైడు ముఖ్యమని నా గట్టి నమ్మకం. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున రొటేషన్ చేయిస్తారు. ఆ వారాల్లో ఫలితాల కోసం తాపత్రయపడే బదులు, ఆ ల్యాబులో చదివినవారు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు, ప్రయోగం విఫలమైన వారం గైడు వాళ్లతో ఎలా మాట్లాడారు అన్నవి సీనియర్లను విడిగా అడిగి తెలుసుకోండి. ప్రొఫెసర్ గదిలో ఉండగా ఎవరూ నిజం చెప్పరు.

విదేశానికి వెళ్లే ఉద్దేశం ఖాయం కాకపోతే బెంగళూరులోని నిమ్హాన్స్‌ (మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల జాతీయ సంస్థ)ను కూడా పరిశీలించండి. అక్కడ ఆసుపత్రీ, న్యూరోఫిజియాలజీ, న్యూరోకెమిస్ట్రీ విభాగాలూ ఒకే సంస్థలో ఉన్నాయి, పరిశోధకులకు మెదడు కణజాలం అందించే బ్రెయిన్ బ్యాంకు కూడా ఉంది. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధనకు నెలనెలా భృతి చేతిలో ఉంటుంది.

అమెరికా దరఖాస్తుల గడువు చాలాచోట్ల డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టును దగ్గరుండి చూసిన అధ్యాపకులను సిఫారసు లేఖల కోసం ఆగస్టులోనే అడగండి, ఎందుకంటే మీరు స్వయంగా ఏం చేశారో రాయగలిగేది వారే. హోదా పెద్దదని ముఖపరిచయం మాత్రమే ఉన్నవారి చేత రాయించిన లేఖ అడ్మిషన్ కమిటీకి ఏమీ చెప్పదు.