బద్దకు ఒత్తు అక్కర్లేదు

సందేహం: మాస్టారూ, నేను పదేళ్లుగా ఒక్లహోమాలోని తల్సాలో ఉంటున్నాను. మా అబ్బాయి స్టిల్‌వాటర్‌లో ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో చేరాక నాకూ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఆ కాలేజీ పాత ఆటగాడు బ్యారీ శాండర్స్ గురించి మా తెలుగు సంఘం పత్రికకు రాస్తూ "1988లో 2,628 గజాలు పరిగెత్తి రికార్డు బద్ధలు కొట్టాడు" అన్నాను. సంపాదకులు ఒప్పుకోలేదు. "రికార్డు బద్ధలు కొట్టడం" ఇంగ్లీషుకు మక్కికి మక్కి అట, "అధిగమించాడు" అనాలట. "గజాలు పరిగెత్తాడు" అంటే ఏనుగులు పరిగెత్తినట్టుందట. మాలో ఎవరిది ఒప్పు?

సమాధానం: ఒప్పు సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసిన వాక్యంలో అసలు తప్పు ఒకటుంది, అది మీకూ మీ సంపాదకులకూ కూడా కనపడలేదు. బద్దలు అన్న మాటకు ఒత్తు పెట్టారు. మిమ్మల్నొక్కరినే అని లాభం లేదు, టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో రోజూ కనీసం నాలుగుసార్లయినా ఏదో ఒకటి "బద్ధలు" అవుతూనే ఉంటుంది. బద్ధ అంటే సంస్కృతంలో కట్టబడినది. బద్ధశత్రువు, వచనబద్ధుడు, నిబద్ధత అన్నీ ఆ ఇంటివే. బద్ధలు కొట్టడమంటే ఎవర్నో కట్టేసి కొట్టినట్టుంది!

బద్ద వేరు. అది అచ్చంగా మన మాట. నా చిన్నప్పుడు మా ఊరి మేదరి వీధిలో గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ణి. మేదరి పచ్చి వెదురు బొంగును నేల మీద నిలబెట్టి, కత్తి అంచు దాని నోట్లో ఆనించి, వెనక నుంచి ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ తర్వాత కత్తితో పనే లేదు, చేత్తో రెండువైపులా లాగుతుంటే బొంగు తనంతట తానే కిందికంటా చీలిపోయేది, కణుపు వచ్చినప్పుడల్లా టప్ మని ఒక చప్పుడు. అలా నిలువునా చీలి వచ్చిన ముక్క బద్ద. అడ్డంగా నరికితే వచ్చేది బద్ద కాదు, తుంట. అంటే ఈ మాటలో విరగడం కన్నా చీలడం ఎక్కువ. కందిగింజ రెండుగా చీలితే పప్పుబద్ద. మామిడికాయను టెంకతో సహా కొడితే ఆవకాయబద్ద. పొద్దున్నే నాలుక గీసుకునేది నాలుకబద్ద, ఇప్పుడది స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా పేరు మాత్రం వెదురుదే. బట్టల కొట్లో చీరల గుడ్డ కొలిచేది గజంబద్ద. దేన్నయినా కొలిచేది కొలబద్ద.

చూశారా ఎక్కడికి వచ్చామో! మీరు చెప్పే శాండర్స్ అంకె, అంటే కాలేజీ ఆటలో ఒక్క సీజన్‌లో బంతి పట్టుకుని ఉరికి సంపాదించిన గజాల లెక్క, అది కూడా ఒక కొలబద్దే కదా. ఆయన తర్వాత వచ్చిన ప్రతి ఆటగాణ్ణీ దాని పక్కన నిలబెట్టి చూస్తున్నారు. 2014లో విస్కాన్సిన్ ఆటగాడు మెల్విన్ గోర్డన్ 2,587 దగ్గర ఆగాడు. 2024లో బాయిసీ స్టేట్ ఆటగాడు ఆష్టన్ జెంటీ 2,601 దాకా వచ్చి 27 గజాల దూరంలో ఉండిపోయాడు. వాళ్లిద్దరూ 14 ఆటలు ఆడారు, శాండర్స్‌కు లెక్కలోకి వచ్చినవి 11 మాత్రమే. కాబట్టి ఆ బద్ద ఇంకా బద్దలు కాలేదు. మీ వాక్యం చదివిన కొత్తవాడికి ఎవరిది బద్దలయిందన్న అనుమానం రాకుండా, 1981లో సదరన్ కాలిఫోర్నియా ఆటగాడు మార్కస్ ఆలెన్ పెట్టిన 2,342 బద్దలయిందని ఒక ముక్క చేర్చండి.

ఇక మక్కికి మక్కి అన్న అభ్యంతరం. మీ సంపాదకులు చెప్పింది నిజమే, ఇంగ్లీషువాడు రికార్డును విరగ్గొడతాడు, అది చూసే మనమూ మొదలుపెట్టాం. అయితే అతను "విరిచాడు", మనం దాన్ని "బద్దలు కొట్టాం". మనవాళ్లకు అంతకుముందే కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం ఉంది, తల బద్దలు కొట్టుకోవడం ఉంది, గుండె బద్దలవడం ఉంది. న్యాయంగా చూస్తే కుండ పగిలితే వచ్చేవి పెంకులు, బద్దలు కావు, మట్టికి నారా ఈనే ఏముంటాయి నిలువునా చీలడానికి? అయినా జనం అన్నారు, నిలిచింది. ఇంగ్లీషు రాకముందే ఆ మాట వెదురు పొద దాటి ఊళ్లోకి వచ్చేసింది కాబట్టి రికార్డుకూ పనికొచ్చింది. అందుకని దాన్ని తప్పనను. గొప్పగా ఉందనీ అనను. "అధిగమించాడు" మాత్రం నాకు బొత్తిగా పడదు, ఆఫీసు సర్క్యులర్ వాసన. దాటాడు, మించిపోయాడు అని రెండు మాటలుండగా అది దేనికండీ? రికార్డుల మోత, రికార్డుల ఊచకోత, సరికొత్త రికార్డు అని రాసేవాళ్ల గురించి ఇక్కడ మొదలుపెడితే ఈ శీర్షిక చాలదు. (రికార్డు పడిందంటేనే కొత్తది, మళ్లీ సరికొత్త ఏమిటి?)

మా ఇంట్లో మొదటిసారి "రికార్డు బద్దలు కొట్టింది" నేనే. అప్పుడు నాకు ఏడేళ్లు. గ్రామఫోను మీంచి తీస్తుంటే చేజారి గచ్చు మీద పడింది. ఆ కాలం లక్క రికార్డులు రబ్బరులా వంగేవి కావు, మూకుడు పగిలినట్టు పగిలేవి. మా నాన్నగారు ముక్కలేరుతూ ఏమన్నారో ఇక్కడ రాయను. అవీ పెంకులే, బద్దలు కావు.

రికార్డు అన్న మాటకు లాటిన్‌లో గుండె మూలం. గుండెకు తిరిగి తెచ్చుకోవడం, అంటే గుర్తు చేసుకోవడం. మన దగ్గర దానికి రెవెన్యూ ఆఫీసులో ఒక అర్థం, కాలేజీ ల్యాబులో ఒక అర్థం, జాతరలో డ్యాన్సుకు ముందు ఇంకో అర్థం. మీ ఫుట్‌బాల్‌లోనే ఇంకోటి ఉంది, గెలుపోటముల లెక్క: ఒక్లహోమా స్టేట్ జట్టుకు 1988లో 10-2. ఒక్కరిదీ జట్టుదీ కలగాపులగం చేయకండి.

నన్నడిగితే రికార్డంటే పద్దు. జరిగింది వేరు, పద్దులో పడింది వేరు. ఇందుకు మీ శాండర్స్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1988 సీజన్‌లో మొట్టమొదటి కిక్కాఫ్‌నే, అంటే ఆట మొదలుపెడుతూ అవతలి జట్టు తన్నిన బంతినే, పట్టుకుని 100 గజాలు ఉరికి అవతలి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆ 100 గజాలు 2,628లో లేవు, ఎందుకంటే అలా తన్నిన బంతిని పట్టుకుని ఉరికే తిరుగు కిక్కుల పద్దు వేరు. చివర టోక్యోలో టెక్సస్ టెక్ మీద ఆడినప్పుడు 332 గజాలు, అవి ఉన్నాయి. డిసెంబరు నెలాఖరున హాలిడే బౌల్‌లో వయోమింగ్ మీద 222 గజాలు, అవి మళ్లీ లేవు! ఆ రోజుల్లో సీజన్ అయ్యాక ఆడే బౌల్ ఆటల అంకెలు అధికార లెక్కలోకి తీసుకునేవారు కారు, 2002 నుంచే తీసుకుంటున్నారు. అవీ కలిపితే ఆయన మొత్తం 2,850. జెంటీ ఆఖరి ఆటలో పెన్ స్టేట్ మీద సాధించిన 104 మాత్రం పద్దులో పడ్డాయి. పరుగు అదే, గడ్డి అదే, కరణంగారి పుస్తకం మారిందంతే. అందుకే నాకు "రికార్డుకెక్కాడు" అన్న పాత వాడుక ముద్దు. రచ్చకెక్కు, కోర్టుకెక్కు లాగా తెలుగు నడకలో ఉంది, పైగా నిజం చెబుతోంది. "రికార్డు సృష్టించాడు" అనకండి, ఆ పని బ్రహ్మగారికి వదిలేద్దాం.

ఏనుగుల గొడవ చిన్నది. ఏనుగు గజం సంస్కృతం. కొలత గజం పారసీ నుంచి వచ్చింది, అక్కడ గజ్, గజల్‌లో పలికే జకారంతో. రూపం కలిసింది తప్ప చుట్టరికం లేదు. తొమ్మిది గజాల చీర కట్టినావిడను చూసి తొమ్మిది ఏనుగులని ఎవరైనా భయపడ్డారా? నా భయం వేరే. హైదరాబాదులో ఇప్పుడు గజమంటే చదరపు గజమే, చదరపు అన్న మాట ఎప్పుడో రాలిపోయింది. మీ వ్యాసం అక్కడివాళ్లు చదివితే 2,628 గజాలంటే అరెకరం మీద 208 గజాలు, ఏ ఏరియాలో అని అడుగుతారు.

"పరిగెత్తాడు" దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. వ్యాకరణం కోసం కాదు, మైలు నడిచాడు అన్నట్టే గజాలు పరిగెత్తాడు అనొచ్చు. కానీ ఆ ఆటలో లెక్కపెట్టేది కాళ్లు తిరిగిన దూరం కాదు కదా. అడ్డంగా నలభై గజాలు ఉరికి ముందుకు మూడే జరిగితే మూడే వేస్తారు, వెనక్కి పడితే తీసేస్తారు కూడా. సందేహం వస్తే ఇద్దరు మనుషులు రెండు కర్రలూ వాటి మధ్య పది గజాల గొలుసూ పట్టుకుని మైదానంలోకి పరిగెత్తుకొస్తారట, మా అల్లుడు చూపించాడు. అచ్చం మన సర్వే చైన్‌మన్లే అనుకున్నాను, మనవాళ్ల పాత గొలుసు 22 గజాలు, క్రికెట్ పిచ్ అంత. కాబట్టి పరుగు ఖర్చు, గజాలు రాబడి. క్రికెట్ రాసేవాళ్లు "పరుగులు రాబట్టాడు" అంటారే, అది ఇక్కడ ఇంకా బాగా అతుకుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "1988లో శాండర్స్ 2,628 గజాలు రాబట్టి రికార్డుకెక్కాడు, మార్కస్ ఆలెన్ రికార్డు బద్దలయింది." మీ సంపాదకులకు ఇంకా ఏనుగులు కనిపిస్తుంటే యార్డులని రాసేయండి, నాకేం బాధ లేదు. ఒత్తు మాత్రం తీసేసి పంపండి.