హాలోవీన్‌కు రక్తపాతం లేని దయ్యాల పుస్తకాలు

హాలోవీన్ లోపు చదవడానికి, నరుకుళ్లూ రక్తపాతమూ లేకుండానే ఒళ్లు గగుర్పొడిచే ఆంగ్ల పుస్తకాలు కావాలనీ, రాత్రిపూట అరగంటకు మించి తీరిక చిక్కదనీ, పన్నెండేళ్ల మీ అమ్మాయికి కూడా ఒకటి సూచించమనీ అడిగారు. మీకున్న తీరికకు నవలల కంటే కథలే మేలు కనుక, ఎం. ఆర్. జేమ్స్ 1904లో ప్రచురించిన తొలి దయ్యాల కథల సంపుటితో మొదలుపెట్టండి. వాటిలో కొన్నింటిని ఆయన కేంబ్రిడ్జ్‌లో క్రిస్మస్ వేళ మిత్రులకు చదివి వినిపించేవారు. సముద్రతీరపు శిథిలాల్లో ఒక ప్రొఫెసరుకు కంచు ఈల దొరికే కథను ముందుగా చదవండి. దాన్ని ఊదిన పాపానికి, ఆయన గదిలోని ఖాళీ మంచం మీది దుప్పట్లే లేచి మనిషి ఆకారం దాల్చి, కళ్లు లేనిదానిలా చేతులు చాచి తడుముకుంటూ ఆయన కోసం వెదుకుతాయి. నెత్తురు చుక్క కనిపించదు గానీ, ఆ రాత్రికి మీ పక్క దుప్పటిని అనుమానంగా చూడక తప్పదు.

వారాంతం ఖాళీ దొరికితే, షిర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ చదవండి. దయ్యం ఇంట్లో ఉందా, కథానాయిక మనసులో ఉందా అన్నది చివరిదాకా తేలదు, నా దృష్టిలో దాని బలమంతా అదే.

అమ్మాయికి రే బ్రాడ్‌బరీ ‘ద హాలోవీన్ ట్రీ’ (1972) ఇవ్వండి; ఈజిప్టు నుంచి మెక్సికో దాకా ఈ పండుగ మూలాలను వెదికే పిల్లల సాహసం కనుక భయం కంటే కుతూహలమే ఎక్కువ. నీల్ గైమన్ ‘ద గ్రేవ్‌యార్డ్ బుక్’ కూడా మంచిదే కానీ, అది ఒక కుటుంబం హత్యతో మొదలవుతుంది కాబట్టి తొలి అధ్యాయం ముందుగా మీరే చూడండి. జేమ్స్ కథలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.