ల్యాబ్ సంగతి తర్వాత, ముందు నాన్నగారిని చూపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. బీపీ, షుగర్ ఉన్నాయి. పది రోజుల కిందట పొద్దున కాఫీ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. బీపీ చూస్తే 190/100. పక్క ఫ్లాట్ అంకుల్ తన దగ్గరున్న బీపీ మాత్ర నాలుక కింద పెట్టారు. ఇరవై నిమిషాల్లో అంతా మామూలైంది. అప్పట్నుంచి రోజూ ఆస్పిరిన్ ఇస్తున్నాం. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయినా పక్కనుండే కొలేటరల్ నాళాలు కాపాడతాయనీ, అవి ఎంత బాగున్నాయో రక్తంలోని బయోమార్కర్లతో, అంటే జబ్బు జాడ చెప్పే పదార్థాలతో తెలుస్తుందనీ చదివాను. ఆ పరీక్ష బెంగళూరులో ఏ ల్యాబ్‌లో చేస్తారు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

సలహా: మీరడిగిన ల్యాబ్ కన్నా, జారిపోయిన ఆ గ్లాసే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఆయన్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి అది టీఐఏ కావచ్చు. మామూలుగా మినీ స్ట్రోక్ అంటుంటారు. కుడి చెయ్యి, మాట రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయంటే చాలామందిలో మెదడు ఎడమ వైపు రక్తం తగ్గిందని అర్థం. దానంతట అది తగ్గిపోయింది కదా అని ఊరుకునే జబ్బు కాదిది. పెద్ద స్ట్రోక్ వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువ. అవి గడిచిపోయాయి, అదృష్టం. కానీ మెడలోని ఎడమ కెరోటిడ్ నాళం బాగా సన్నబడిందని తేలితే, సర్జరీ గానీ స్టెంట్ గానీ రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ లాభం. మీరు ఇప్పటికే పది రోజులు పోగొట్టారు. ఈ జవాబు వచ్చేలోపే న్యూరాలజిస్టుకు చూపించి ఉంటారనుకుంటాను. లేదంటే ఈ రోజే వెళ్లండి.

ఆస్పిరిన్ మాటకొస్తే, అది మంచి మందే. కానీ స్కాన్ తీయకుండా మెదడు నాళంలో రక్తం గడ్డ కట్టిందో, నాళం చిట్లి రక్తం చిమ్మిందో పైకి చూసి నేను కూడా చెప్పలేను. రెండోదైతే ఆస్పిరిన్ చేటు చేయొచ్చు. గుండె లయ తప్పి గడ్డలు వస్తున్నాయంటే అసలు ఆస్పిరిన్ చాలదు, వేరే మందు కావాలి. కొందరికి మొదట్లో కొన్నాళ్లు రెండు మందులు కలిపి ఇస్తాం. అది ఎవరికన్నది పరీక్షించిన డాక్టరే తేల్చాలి. ఇప్పుడు మీ అంతట మీరు ఆపనూ వద్దు, పెంచనూ వద్దు.

ఇక ఆ నాలుక కింది మాత్ర. నా ఓపీలో ఇది వినని వారం లేదు. మీరడిగిన కొలేటరల్స్ కథంతా నిజానికి ఇక్కడే ఉంది. పెద్ద నాళం మూసుకున్నప్పుడు మెదడు అడుగున ఉన్న సర్కిల్ ఆఫ్ విల్లిస్ అనే నాళాల వలయం నుంచీ, మెదడు పై పొర మీది సన్న నాళాల నుంచీ రక్తం చుట్టు తిరిగి వస్తుంది. అలా రావాలంటే వెనక నుంచి ఒత్తిడి ఉండాలి. మీ అపార్ట్‌మెంట్లో కావేరి నీటి ప్రెషర్ తగ్గితే ముందు ఎండిపోయేది పై అంతస్తు కుళాయే కదా! స్ట్రోక్ వేళ బీపీ పెరగడం చాలాసార్లు ఒంటి సొంత ప్రయత్నమే. గడ్డ కరిగించే మందు ఇవ్వని రోగికి, గుండె, కిడ్నీ లాంటి వేరే ఇబ్బంది లేకపోతే, 220/120 దాటేదాకా మేం కూడా సాధారణంగా బీపీని ముట్టుకోం. ఆ మందు ఇవ్వాలంటే 185/110 లోపుకు తెస్తాం, అదీ జాగ్రత్తగా, మానిటర్ పెట్టి. నిఫెడిపిన్ లాంటి బీపీ మందు నాలుక కింద పెడితే బీపీ ధడాలున పడిపోయి, ఆ పక్క దారులు కూడా ఎండిపోవచ్చు. అంకుల్ మంచి మనసుతోనే పెట్టారు, కాదనను. ఇంకోసారి పెట్టనివ్వకండి. రోజువారీ బీపీ మాత్రలు మాత్రం మానకూడదు, అది వేరే సంగతి.

మీ ప్రశ్నకు జవాబు చిన్నదే. రక్తనాళాల పెరుగుదలతో ముడిపడిన వీఈజీఎఫ్, యాంజియోపొయిటిన్ అనే ప్రోటీన్లు, న్యూట్రోఫిల్-లింఫోసైట్ (రెండు రకాల తెల్లరక్తకణాల) నిష్పత్తి, యూరిక్ యాసిడ్ వంటివాటికీ కొలేటరల్స్‌కూ సంబంధం ఉందా అని పరిశోధనలు సాగుతున్నాయి. ఫలితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. స్ట్రోక్ వచ్చాక రక్తం తీస్తే ఆ అంకె కారణమో పర్యవసానమో చెప్పడం కష్టం. జ్వరమొచ్చినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. ఇంకా వైద్యంలో వాడే స్థాయికి రాలేదు, డబ్బు తగలేయకండి. అవసరమైనప్పుడు సీటీ యాంజియోలో, అంటే రక్తనాళాలను చూపించే స్కాన్‌లో కొలేటరల్స్‌ను మేం నిమిషాల్లో చూసేస్తాం.

మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. గడ్డను బయటికి లాగే థ్రాంబెక్టమీ కొందరికి 24 గంటల దాకా పనికొస్తుందని 2018లో అచ్చయిన డాన్ పరిశోధన చూపింది గానీ, స్కాన్‌లో ఇంకా కాపాడదగ్గ మెదడు మిగిలి ఉన్నవాళ్లకే అది. 24 అన్న అంకె చూసి తీరిగ్గా బయల్దేరేవాళ్లున్నారు! రాత్రి కూడా సీటీ, థ్రాంబెక్టమీ చేసే ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కోండి. సాయంత్రం ఏడింటి ట్రాఫిక్‌లో వెతుక్కోలేరు.

ఎంఆర్ఐ, మెడ నాళాల స్కాన్, ఈసీజీ, ఎకో, షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు. వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి. అంకుల్‌ని అడిగి ఆ మాత్ర స్ట్రిప్ కూడా.