రామప్ప వైపు వస్తే రెండు రాత్రులు ఉండండి

చి. శ్రావణికి పెద్దబాపు ఆశీస్సులు.

దసరా సెలవుల్లో రామప్ప, లక్నవరం చూడాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి సమయమే, వానలు బాగా పడ్డ ఏడు అప్పటికి చెరువులు నిండుగా ఉంటాయి. కానీ పొద్దున హైదరాబాద్‌లో కారెక్కి రాత్రికి ఇల్లు చేరే ఆలోచన మానుకోండి. అలా వస్తే మీరు చూసేది రోడ్డే. రెండు రాత్రులు ఇక్కడే పడుకోండి.

రామప్ప గుడికి పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నానికి బండలు కాలి, చెప్పుల్లేని కాళ్లతో పిల్లలు నిలబడలేరు. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. గైడ్లు నీళ్లలో తేలే ఇటుకల కథతో మొదలుపెడతారు. అది నిజమే, శిఖరం బరువు తగ్గించడానికి వాడిన ఇటుకలవి. అయినా అక్కడే ఆగిపోకండి. చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, ఒక్కొక్కటీ నిదానంగా చూడండి. చిన్నది డాన్స్ నేర్చుకుంటోంది కదా, లోపలి నాట్య శిల్పాలు దానికి తప్పక చూపించు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోసింది ఈ శిల్పాలను చూసే.

గుడి చూసి అటునుంచి అటే వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరు రామప్ప చెరువు కట్ట దాకా వెళ్లండి. కాకతీయులు గుట్టల మధ్య సందు చూసి అక్కడ కట్ట పోసేవారు, మిగతా గోడలు గుట్టలే. తూము ఎక్కడుందో, నీళ్లు ఏ పొలాలకు పోతున్నాయో పిల్లలకు చూపించండి. ఆ కట్ట కింద ఇప్పటికీ వరి పండుతోంది. నన్నడిగితే గుడి కంటే ఇదే గొప్ప, మీ పెద్దమ్మ మాత్రం ఒప్పుకోదు.

లక్నవరం చెరువుకు చల్వాయి దగ్గర మలుపు తిరగాలి. ఆదివారం వద్దు, వేలాడే వంతెన మీద జనాన్నే చూడాల్సి వస్తుంది. టూరిజం వాళ్ల కాటేజీలు ముందే బుక్ చేసుకోండి. దొరక్కపోతే టెన్షన్ పడొద్దు, ములుగులో మా ఇల్లుంది.

బొగత జలపాతానికి ఏటూరునాగారం మీదుగా పోవాలి. నీటి ఉద్ధృతి ఉన్నప్పుడు లోపలికి దిగనివ్వరు, అక్కడి సిబ్బందితో వాదించొద్దని అల్లుడికి చెప్పు. తాడ్వాయి అడవి దారిలో చీకటి పడ్డాక బండి నడపొద్దు. ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. చేతిలో కొంత నగదు ఉంచుకోండి, పెట్రోల్ ములుగులోనే నింపుకోండి.

ఏ రోజు బయల్దేరేదీ ముందే ఫోన్ చెయ్. చేపల కూర తినేవాళ్లెందరో కూడా చెప్పు.

మీ పెద్దబాపు,
ములుగు