బీడీఎస్ మానేసి నవలలు రాస్తానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబు బీడీఎస్ రెండో సంవత్సరం. రాత్రంతా నవలలు రాస్తూ కూర్చుంటాడు, ఇప్పుడు చదువే మానేస్తానంటున్నాడు. అదేంట్రా అంటే, అమెరికాలో జేన్ గ్రే కూడా పళ్ల డాక్టరేనట, అది వదిలేసి కౌబాయ్ నవలలు రాసి బాగా సంపాదించాడట. నాకు చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: అమ్మా, మీ బాబు చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. జేన్ గ్రే చదువు మధ్యలో మానలేదు. బేస్‌బాల్ ఆట మీద వచ్చిన స్కాలర్‌షిప్‌తో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేరి, 1896లో డెంటిస్ట్రీ పట్టా తీసుకుని న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెట్టాడు. పగలు పేషెంట్లను చూసుకుని రాత్రిళ్లు రాసుకునేవాడు. మొదటి నవల 'బెట్టీ జేన్'ని పబ్లిషర్లు తీసుకోకపోతే 1903లో సొంతంగా అచ్చు వేయించుకున్నాడు.

ప్రాక్టీసు వదిలేసింది 1905లో డాలీని పెళ్లి చేసుకున్నాకే. బాబుకు కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇదీ: ఆ తర్వాత ఇల్లు గడవడానికి ఆసరా డాలీకి పుట్టింటి తరఫున వచ్చిన డబ్బు. 1907లో ఆయన అరిజోనా ఎడారికి వెళ్లి రావడం, అక్కడి మనుషుల్నీ కొండల్నీ దగ్గర్నుంచి చూడటం, అదీ ఆ డబ్బు చలవే. రాతప్రతుల్లో తప్పులు దిద్దింది ఆవిడే, తర్వాత పబ్లిషర్లతో లావాదేవీలు చూసుకుందీ ఆవిడే. ఇంత అండ ఉండి కూడా, ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం పట్టుకెళితే, నువ్వు రాయగలవని నాకు నమ్మకం కలిగించేది ఇందులో ఏమీ లేదని హార్పర్ సంస్థ ఎడిటర్ మొహం మీదే చెప్పేశాడు. అదే హార్పర్ 1910లో ఆయన నవల వేసింది, 1912లో 'రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్'తో దేశమంతా పేరొచ్చింది. అప్పటికి పట్టా తీసుకుని పదహారేళ్లు! ఆ తర్వాత ఎంత రాశాడంటే, 1939లో పోయాక కూడా ఏళ్ల తరబడి కొత్త నవలలు వస్తూనే ఉన్నాయి.

మీ బాబు ఇప్పుడు మానేస్తే చేతిలో మిగిలేది ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి చేయమనండి. రాయడం మాత్రం ఆపమనకండి, ఆపమంటే చదువు మీద ఇంకా కసి పెంచుకుంటాడు. రోజూ గంటో గంటన్నరో దానికని పెట్టుకుని, రాత్రి నిద్రపోతే చాలు.

ఇంకో మాట. 'మానేస్తా' అనే పిల్లల్లో కొందరికి అసలు బాధ వేరే ఉంటుంది: సబ్జెక్టులు మిగిలిపోవడమో, హాస్టల్లో ఎవరైనా ఏడిపించడమో. కోప్పడకుండా ముందు అది కనుక్కోండి. అదేమీ లేదంటే, రాసినవాటిలో ఒక్క నవలైనా చివరిదాకా పూర్తి చేశాడేమో అడిగి, చేసుంటే తీసుకుని మీరు చదవండి.